బొద్దక్షరం

మా ఊళ్ళో కళ్ళున్న ప్రతివాళ్ళూ మా నాన్న అక్షరాన్ని చూసినవాళ్ళే. ఆయన్ని మాత్రం ఎవరూ ఎరగరు. చెప్పుల దుకాణం మీద, సినిమా హాలు నెత్తిన, ‘భారీ తగ్గింపు’ అని రోడ్డుకి అడ్డంగా కట్టే గుడ్డ మీద, సర్కస్ దిగినప్పుడు గోడలన్నిటి మీదా ఉండేది అదే. ఒళ్ళంతా కండ పట్టిన అక్షరం. తలకట్టు మామూలుగా గీసే చిన్న టిక్కు కాదు, కోడిపుంజు తోకలా పైకి లేచి వెనక్కి వాలుతుంది. కడుపు మధ్యలో సన్నటి తెల్ల చార ఒకటి, దాన్ని మేం మెరుపు అంటాం. కుడి పక్కనా, కిందా మందంగా నీడ. ఆ నీడ పుణ్యమా అని అక్షరం గోడ మీద ఉన్నట్టు కాక గోడ ముందుకొచ్చి నిలబడినట్టు ఉంటుంది. నాన్న దానికి పేరేమీ పెట్టలేదు. మొదటిసారి చూసినప్పుడు అమ్మ "ఎంత బొద్దుగా ఉందండీ" అందట. అప్పట్నుంచి అది బొద్దక్షరం.

నాన్న ముప్ఫై ఏళ్ళు నిచ్చెన మీదే బతికాడు. నేల మీద ఉన్నప్పుడు నోరు విప్పేవాడు కాదు, నిచ్చెనెక్కితే మాత్రం ఉపన్యాసాలే. రంగు డబ్బా పట్టుకుని కింద నిలబడి అవన్నీ విన్నది నేను. "బొద్దుతో మూడు మాటలకి మించి రాయకూడదు. ఇది కేకమ్మా, కబురు కాదు. కబుర్లకి బక్కక్షరం ఉంది" అనేవాడు. బక్కక్షరమంటే ఏ సోకులూ లేని సన్నటి మామూలు రాత. బోర్డు పైన బొద్దుతో కేక, అడుగున బెత్తెడు పట్టీలో బక్కక్షరంతో మా షాపు పేరు, చిరునామా, ఫోన్ నంబరు. బోర్డంతా చేయించుకున్నవాడిది, అడుగు పట్టీ మనది. మా పనిలో అదే పద్ధతి, ఊళ్ళో బోర్డులు రాసే ప్రతివాడూ అలాగే చేస్తాడు. చూసేవాళ్ళ కళ్ళు కూడా దానికే అలవాటు పడిపోయాయి. పట్టీ దాకా వచ్చి ఆగిపోతాయి.

ఫ్లెక్సీలు వచ్చి కుంచెల్ని మూలన పడేశాక నేను కంప్యూటరు నేర్చుకున్నాను. రెండేళ్ళు కూర్చుని బొద్దక్షరాన్ని ఫాంటుగా మార్చాను. గుణింతాలూ ఒత్తులూ కలిపి ఆరు వందల పైచిలుకు రూపాలు. ఒక్కొక్కదానికీ నాన్న పక్కన కుర్చీ వేసుకుని "నడుం కొంచెం దించు, నీడ బలిసింది, మెరుపు చచ్చిపోయింది" అంటూ నా ప్రాణం తీసేవాడు. రోజుకి పదిసార్లు పోట్లాడుకునేవాళ్ళం. అంతా అయిపోయిన రోజు మాత్రం తెరకి దగ్గరగా మొహం పెట్టి, తన చేతిరాతని తనే పోల్చుకోలేక, "ఇది నేను రాసిందా, నువ్వు రాసిందా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు పొంగిపోయింది. దాచడమెందుకు, ఆ రోజు నుంచి నా కళ్ళు నెత్తికెక్కాయి.

ఎవడో పెన్ డ్రైవులో ఎక్కించుకుపోయాడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఊరంతా బొద్దక్షరమే. మందుల షాపు, ట్యూషన్ సెంటరు, చివరికి 'ఇచ్చట మూత్రం పోయరాదు' కూడా. నాన్న మురిసిపోయాడు, నేను తిట్టుకున్నాను. ఒకటే వస్తువు పొద్దస్తమానం కళ్ళ ముందుంటే మనిషి దాన్ని చూడటం మానేస్తాడు. ఆ సంగతి నాకు తట్టి ఉండాల్సింది. అక్షరాలు పెట్టుకుని బతికేదాన్ని, నాకు కాకపోతే ఇంకెవరికి తట్టాలి?

నాకు ఒక్కతే చెల్లెలు, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. అమ్మ పోయాక దానికి జడలు వేసిందీ, బడిలో దింపిందీ నేనే. దాని మొగుడు అద్దకం ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. పోయినవాళ్ళందర్నీ మంచివాళ్ళంటారు కాబట్టి నేను ఆ మాట అనను. వాగుడుకాయ. ఇంట్లో పుల్ల తీసి పక్కన పెట్టడు, ఊళ్ళోవాళ్ళ పనులన్నీ నెత్తినేసుకుంటాడు. నేనంటే మాత్రం మరిదికి ఎక్కడలేని గొప్ప. బస్సులో పక్క సీటువాణ్ణి కూడా వదిలేవాడు కాదు, "అదిగో ఆ బోర్డు చూశారా, మా వదినదే" అని. ఊళ్ళో ఉన్న బొద్దక్షరాల బోర్డుల్లో సగం మేం చేసినవి కావు, అయినా అతని దృష్టిలో అన్నీ వదినవే.

ఫ్యాక్టరీలో కొత్త బోర్డులు పెట్టాలని మేనేజరు అనడమే ఆలస్యం, ఆయన్ని మా షాపుకి లాక్కొచ్చింది మరిదే. మొత్తం పదిహేడు బోర్డులు. స్వాగతం, క్యాంటీను, సైకిళ్ళ స్టాండు, చేతులు కడుక్కోండి, మెట్ల దగ్గర జాగ్రత్త, ఇలా ఉన్నాయి. కాగితంలో పదమూడోది ఒక్కటే పొడుగ్గా ఉంది. 'ఈ తొట్టిలో విషవాయువు ఉంటుంది. ఫ్యాను అరగంట వేయకుండా, నడుముకి తాడు కట్టుకోకుండా, పైన ఒక మనిషి లేకుండా ఎవరూ దిగరాదు.' అద్దకం అయ్యాక మిగిలే మురికినీళ్ళన్నీ చేరే తొట్టి అది, నేల లోపల ఒక గదంత ఉంటుంది. పైన ఇనప మూత, లోపలికి నిలువు మెట్లు.

ఆ కాగితం ముందు పెట్టుకుని నేనేం ఆలోచించానో చెప్తాను. బోర్డు ఆరడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు. మొత్తం బక్కక్షరంతో రాస్తే సుబ్బరంగా పడుతుంది, ఇరవై అడుగుల నుంచి కూడా చదవొచ్చు. కానీ మిగతా పదహారూ బొద్దక్షరాలతో ధగధగలాడుతుంటే ఇదొక్కటీ బిక్కమొహం వేసుకుని ఉంటుంది. సెట్టు చెడిపోతుంది. బొద్దుతో అంత పొడుగు వాక్యం పట్టదు, పట్టినా నాన్న ఒప్పుకోడు. అందుకని 'జాగ్రత్త!' అన్న ఒక్క మాటని పసుపు రంగులో, ఎర్ర నీడతో బోర్డంతా పరిచాను. త వత్తు తోక మొత్తం మాట కింద నుంచి తిరిగి వచ్చేలా సరిచేయడానికే నాకు అరపూట పట్టింది. మిగతా వాక్యాలన్నీ బక్కక్షరంతో అడుగు పట్టీలో కూర్చోబెట్టాను. అక్కడ ఉండాల్సిన మా షాపు పేరు తీసేసి మరీ చోటిచ్చాను. త్యాగం చేశాననుకున్నాను కూడా.

మేనేజరు చూసి, "అబ్బ, ఫ్యాక్టరీకి కళొచ్చేసింది మేడమ్" అన్నాడు. సెలవు రోజు చూసుకుని పదిహేడు బోర్డులూ మరిదే బిగించాడు. పదమూడోది తొట్టి షెడ్డు గోడకి కొట్టి, నిచ్చెన దిగి, వెనక్కి వెనక్కి నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"అదిరింది వదినా! బేకరీ బోర్డులా ఉంది, చూస్తుంటేనే ఆకలేస్తోంది."

నేను పగలబడి నవ్వాను. అది పొగడ్తే అనుకున్నాను.

పద్నాలుగు నెలల తర్వాత ఒక సోమవారం, తొట్టి షెడ్డులో పనిచేసే మనిషి సెలవు పెడితే, మరిదిని బాయిలరు నుంచి అక్కడికి మార్చారు. గురువారం పొద్దున పంపు నీళ్ళు లాగడం మానేసింది. గొట్టం మూతికి గుడ్డపీలికలు అడ్డం పడ్డాయి, లాగేస్తే సరిపోతుందని అతను మూత తీసి దిగాడు. ఫ్యాను వేయలేదు, తాడు కట్టుకోలేదు, పైన ఎవర్నీ నిలబెట్టలేదు. ఐదారు మెట్లు దిగేసరికే స్పృహ తప్పి ఉంటుందని తర్వాత డాక్టరు చెప్పాడు. పైకి తీసేటప్పటికి పదకొండు దాటింది.

కబురందగానే నేను ముందు ఫ్యాక్టరీకే పరిగెత్తాను. అప్పటికే అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. షెడ్డు ముందు నీళ్ళ మరకలు, ఒక చెప్పు, పక్కకి లాగిన ఇనప మూత. గోడ మీద 'జాగ్రత్త!' తళతళ మెరుస్తోంది. ఎవరో పాపం దాన్ని వారం వారం తుడుస్తున్నారు కాబోలు. మరిదితో పాటు బాయిలరు దగ్గర పనిచేసే పెద్దాయన ఒకాయన అక్కడే చతికిలబడి ఏడుస్తున్నాడు. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది.

"ఇంత పెద్ద బోర్డు పెట్టాం కదండీ, ఒక్కరూ చదవలేదా?"

"జాగ్రత్త అనుంది కదమ్మా. మెట్ల దగ్గరా అదే ఉంది, క్యాంటీనులో తడి నేల దగ్గరా అదే ఉంది. జాగ్రత్తగానే ఉంటాం."

"కింద రాసుంది కదా, విషవాయువని?"

ఆయన కళ్ళు తుడుచుకుని బోర్డుకేసి చూశాడు. "కిందా? అది మీ షాపు అడ్రసు కదమ్మా" అన్నాడు.

నేను ఇరవై అడుగులు వెనక్కి నడిచి చూశాను. ఆ వాక్యాలు టైపు చేసినదాన్ని, నాకు కంఠతా వచ్చు. అయినా ఆ పట్టీలో నాకు బూడిద రంగు గీత తప్ప ఏమీ కనపడలేదు. పసుపూ ఎరుపూ కలిసి కళ్ళని పైకే లాగుతున్నాయి. ఆ క్షణంలోనే నాకు మొత్తం తెలిసిపోయింది. నెమ్మది మీద తెలిసిందనో, ఎవరో చెప్తే తెలిసిందనో చెప్పుకునే వీలు నాకు లేదు.

మూడో రోజు మేనేజరు మా చెల్లెలి ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, రుమాలుతో మెడ తుడుచుకుంటూ, చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీ ఆయన కొత్తవాడు కాదమ్మా, పదకొండేళ్ళ నుంచి ఉన్నాడు. ఆ బోర్డు రాసింది మీ అక్కగారే, గోడకి బిగించింది ఆయనే. అంతా తెలిసి ఎందుకు దిగాడో మాకు అంతుపట్టట్లేదు. విచారణకి అధికారి వస్తారు, అడుగుతారు." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమైనా గొడవా అమ్మా?" అన్నాడు.

ఆయన గేటు దాటాక చెల్లెలు నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఆ రోజు పొద్దున తిట్టానే అక్కా. నెల్లాళ్ళ నుంచి కుళాయి కారుతోందని మొత్తుకుంటున్నా వినట్లేదని. 'నీ మొహం చూస్తేనే చిరాకేస్తోంది, పో, నాకు కనపడకు' అన్నాను. క్యారేజీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు."

"మొగుడూ పెళ్ళాలన్నాక అనుకోరా? దానికి ఎవరైనా..."

"ఆ బోర్డు ఆయనే కొట్టాడు. తొట్టిలో దిగితే చస్తారని ఆయనకి తెలుసు. తెలిసే దిగాడు." చెల్లెలు గోడకి జారబడింది. "నువ్వు చెప్పు. నువ్వే కదా రాశావు. అంత పెద్ద బోర్డు, ఆయన చూడకుండా ఉంటాడా?"

అప్పుడు చెప్పాల్సింది. రెండు మాటలు. చూశాడు, చదవలేదు. చదవడానికి వీల్లేకుండా నేనే రాశాను. నాలుక చివరిదాకా వచ్చింది. దాని కళ్ళు చూశాక మింగేశాను. దుఃఖం కాస్త తగ్గనీ, అప్పుడు చెప్దాం అనుకున్నాను. ఇలాంటి సాకులు మనసుకి ఎంత త్వరగా దొరుకుతాయో!

"చూసే ఉంటాడులే" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఇంకెవరి మీదా తోయడానికి లేదు.

తర్వాత రోజూ దాని దగ్గరికి వెళ్ళేదాన్ని. అన్నం కలిపి ముద్దలు పెట్టేదాన్ని, తల దువ్వేదాన్ని, ఆరేళ్ళ పిల్లని బడికి తయారు చేసేదాన్ని. అందరూ నన్ను చూసి, తల్లి తర్వాత తల్లి అన్నారు. కారే కుళాయిని అది ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. రాత్రీ పగలూ టప్ టప్ మంటుంటే దాని ముందే కూర్చునేది. నాలుగో వారంలో ఒకరోజు పిల్ల హోంవర్కు రాయనంటే విసుక్కుని చెయ్యెత్తింది. వెంటనే ఆ చేతిని తన నోట్లో పెట్టుకుని కొరుక్కుంది. "నా నోటికీ చేతికీ మనుషులు పోతారే" అంది. పిల్ల భయపడి నా వెనక దాక్కుంది. ఆ పంటి గాటుకి నేనే మందు రాశాను. రాస్తూ కూడా చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని మీరడుగుతారు. నన్ను నేను అడిగినప్పుడల్లా ఒక్కో జవాబు వచ్చేది. షాపు మూతపడుతుందని, నాన్నకి డెబ్భై ఆరేళ్ళని, ఈ వయసులో ఆయన అక్షరానికి ఈ మచ్చ ఎందుకని. అన్నీ అబద్ధాలు కావు. కానీ అసలు జవాబు ఒకటే. ఈ లోకంలో నన్ను తప్పు పట్టని మనిషి మా చెల్లెలు ఒక్కతే. అది నా వంక వేరేలా చూడటం నేను భరించలేను. అంతే. దాన్ని పోగొట్టుకోకుండా ఉండటానికి, అది తనే దోషిననుకుంటుంటే అలాగే వదిలేశాను.

విచారణకి ముందు రోజు మధ్యాహ్నం అది చీర మడతపెడుతూ మామూలుగా చెప్పింది. "రేపు ఆఫీసరుతో నేనే చెప్పేస్తానక్కా. నా వల్లే పోయాడని. నేను తిట్టాకే తెలిసి దిగాడని. వాళ్ళు కాగితం మీద రాసుకుంటారు. పిల్ల పెద్దయ్యాక వాళ్ళమ్మ ఎలాంటిదో తెలుసుకోవాలిగా."

దాని గొంతులో ఏడుపు లేదు. అదే నన్ను బెదరగొట్టింది.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. షాపు పైన రెండు గదుల్లో ఉంటాం మేమిద్దరం. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. బోర్డు నకలు ఆయన ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు సరిచేసుకుని చూశాడు. ముప్ఫై ఏళ్ళు నిచ్చెన మీద నిలబడ్డ మనిషికి వివరించాల్సిన పనేముంది? ఆయన వేలు తిన్నగా అడుగు పట్టీ మీదికి పోయింది.

"ఇది ఇక్కడెందుకు పెట్టావే?"

నేను ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఇక్కడ రాసింది ఎవడు చదువుతాడు? అడుగు పట్టీ మనది కదా." మళ్ళీ చూశాడు. "అల్లుడు కూడా మన అడ్రసే అనుకుని ఉంటాడు."

"అవును నాన్నా."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురుగా చెప్పుల దుకాణం మీద ఆయన అక్షరమే ఉంది. ఓదారుస్తాడేమో అనుకున్నాను, తిడతాడేమో అని కూడా అనుకున్నాను. ఆయన తల తిప్పకుండానే, "రేపు చెప్పు. తప్పు నీదని చెప్పు. అక్షరానిది కాదని కూడా చెప్పు" అన్నాడు.

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. అల్లుడు పోయాడు, కూతురు చిక్కి సగమైంది, ముసలాయనకి అక్షరం కావాలి. అంతలోనే అనిపించింది, నేను మాత్రం ఏం తక్కువ? సెట్టు చెడుతుందని మనిషిని చంపుకున్నదాన్ని. ఆయన కూతుర్నే.

విచారణ ఫ్యాక్టరీ ఆఫీసు మేడ మీద హాల్లో జరిగింది. అధికారి నడివయసు ఆవిడ, ముందు ఫైలు తప్ప ఏమీ పెట్టుకోలేదు. ఒక పక్క మేనేజరు, ఇంకో పక్క బాయిలరు పెద్దాయన, వెనక వరసలో చెల్లెలు. షెడ్డు గోడ మీంచి బోర్డు పీకి తెచ్చి ఎదురుగా గోడకి ఆనించారు. మేనేజరు లేచి, హెచ్చరిక స్పష్టంగా ఉందని, ఆ బోర్డును మృతుడే స్వయంగా బిగించాడని, తెలిసీ లెక్కచేయకపోవడం అతని వ్యక్తిగత నిర్లక్ష్యమని కాగితం చూసి చదివాడు. వెనక చెల్లెలు లేచి నిలబడబోతున్న చప్పుడు వినిపించింది.

"ముందు నేను మాట్లాడతానండీ. ఆ బోర్డు నాది" అన్నాను.

అధికారి తలూపింది. నేను మేనేజరు వైపు తిరిగాను.

"సార్, ఆ బోర్డు మీద ఏముందో ఇక్కణ్ణుంచే చదవండి."

"జాగ్రత్త అని ఉంది. ఎంత పెద్దగా ఉందో అందరికీ కనపడుతోంది కదా."

"దాని కింద?"

ఆయన కళ్ళు చికిలించి చూశాడు. పదిహేను నెలలుగా రోజుకి నాలుగుసార్లు ఆ గోడ పక్కనుంచి నడిచిన మనిషి. "కింద మీ షాపుది... ఫోన్ నంబరు" అన్నాడు.

అధికారి తనే లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి, వంగి, పట్టీలో ఉన్నదంతా పైకి చదివింది. విషవాయువు, అరగంట, తాడు, పైన ఒక మనిషి. ఆవిడ చదువుతుంటే బాయిలరు పెద్దాయన నోరు నొక్కుకున్నాడు. ఆ మాటలు ఆ ఫ్యాక్టరీలో మొదటిసారి వినపడటం అదే అనుకుంటాను.

నేను మొత్తం చెప్పాను. ఈ అక్షరం కేకలెయ్యడానికే కానీ విషయం చెప్పడానికి పనికిరాదని నాకు తెలుసని, తెలిసి కూడా మిగతా బోర్డులతో పొంతన కుదరాలని ఇలా పేర్చానని, ఊళ్ళో అందరూ అడ్రసు అనుకుని వదిలేసే చోట ప్రాణం నిలిపే మాటలు పెట్టానని చెప్పాను. మా మరిది ఈ బోర్డు కొట్టాడు కానీ చదవలేదు, బేకరీ బోర్డులా ఉందన్నాడు, నేను నవ్వాను అని చెప్పాను. అతనికి తెలియదండీ, ఆ తొట్టి సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు అన్నాను. నాన్న చెప్పమన్న రెండో మాట మాత్రం చెప్పలేదు. అక్షరం తప్పు ఉందో లేదో నాకు నిజంగా తెలియదు.

అధికారి అంతా రాసుకుని, పెన్ను ఆపకుండానే అడిగింది. "అడ్రసు అనుకుంటున్నారన్న సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

ఆవిడకి అదొక మామూలు ప్రశ్న, ఫారంలో గడి నింపడానికి. నిన్న తెలిసింది అన్నా ఆవిడ రాసుకునేది. బాయిలరు పెద్దాయన నోరు మెదిపేవాడు కాదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆ అబద్ధం ఆడేసేదాన్నే.

"ఆ రోజేనండీ. గురువారమే. అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాక, షెడ్డు దగ్గర."

ఆవిడ తేదీ వేసుకుంది.

బయటికొచ్చేసరికి చెల్లెలు సైకిళ్ళ స్టాండు పక్కన గట్టు మీద కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. అది ఎదురుగా గోడని చూస్తూ అడిగింది.

"అయితే ఆయనకి తెలీదు."

"తెలీదే."

"నా మీద అలిగి కాదు."

"కాదు. పంపు బాగుచేద్దామని దిగాడు. అంతే. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి కుళాయి కూడా బాగుచేసేవాడేమో."

అది రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ముప్ఫై ఏడు రోజుల్లో అది అలా ఏడవడం మొదటిసారి. అప్పటిదాకా దొంగలా ఏడ్చేది, ఇప్పుడు మొగుడు పోయిన ఆడదానిలా గొంతెత్తి ఏడ్చింది. నేను దాని భుజం మీద చెయ్యి వేశాను. తీసెయ్యలేదు. గుండెల మీంచి బండ దిగినట్టు నాకూ ఊపిరాడింది. ఇక దీన్ని మెల్లగా మళ్ళీ మామూలు మనిషిని చేసుకోవచ్చు అనుకున్నాను, మూర్ఖురాల్ని.

ఏడుపు తగ్గాక కొంగుతో మొహం తుడుచుకుంది. నా చేతిని తన భుజం మీంచి తీసి నా ఒళ్ళో పెట్టింది.

"వంటింట్లో నిన్ను అడిగానే. ఆయన చూడకుండా ఉంటాడా అని."

"అడిగావు."

"అప్పటికే నీకు తెలుసు."

"తెలుసు."

"చూసే ఉంటాడులే అన్నావు." అది నన్ను తిన్నగా చూసింది. నేను భరించలేనని భయపడ్డ చూపు అది కాదు. అందులో కోపమే లేదు. "బోర్డుదేముంది అక్కా. పొరపాటు ఎవరైనా చేస్తారు. ఆయనుంటే నిన్నే వెనకేసుకొచ్చేవాడు, నేను కూడా ఏమీ అనేదాన్ని కాదు. కానీ నేను నా మొగుణ్ణి చంపుకున్నానని రోజూ ఏడుస్తుంటే, నువ్వు పక్కన కూర్చుని నాకు జడేశావు."

నేను ఒళ్ళో ఉన్న నా చేతినే చూసుకున్నాను.

"పిల్ల బడి నుంచి వచ్చే వేళయింది" అంటూ లేచింది. నేనూ లేచాను. అది వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. "మా ఇంటికి ఇంక రాకు అక్కా" అంది, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. గేటు దాటి, రోడ్డుకి రెండు వైపులా చూసుకుని, అవతలికి వెళ్ళి బస్సెక్కింది.